నల్లగీత తెగిన చోట

పాత మజిల్ కారు, అంటే మామూలు అమెరికన్ కారులో భారీ ఇంజను పెట్టిన బండి, ఆగి ఉన్నచోటు నుంచి ఒక్కసారిగా దూకితే తారురోడ్డు మీద టైర్లు గీసిన నల్లగీతలు మిగులుతాయి. వాటిని చదవడం వచ్చినవాడు కారు కిందికి దూరకుండానే సగం జబ్బు చెప్పేస్తాడు. రెండు గీతలూ సమానంగా, ఏకధాటిగా సాగాయంటే వెనక చక్రాలు రెండూ కలిసి పనిచేశాయని అర్థం. కుడివైపు ఒక్కటే గీత పడిందంటే బలమంతా ఒక చక్రాన్ని ఊరికే తిప్పడానికే ఖర్చయిందని అర్థం. గీత కుట్టుమిషన్ వేసిన కుట్టులా తెగుతూ పడిందంటే చక్రాలు నేలను పడుతూ వదులుతూ గెంతాయన్నమాట. ఆ గెంతుడికి 'వీల్ హాప్' అని పేరు. అది మొదలైతే వెనకనుంచి ఎవరో సుత్తితో బాదుతున్నట్టు కారంతా దడదడలాడుతుంది. నాలుగైదు గెంతులకే ఇరుసు లోపలి పళ్లచక్రాలు విరిగిన కార్లూ ఉన్నాయి.

ఆ తెగిన గీతను అతికించడానికి అమెరికాలో ఒక పరిశ్రమే పుట్టింది. పాత కార్ల వెనక సస్పెన్షన్‌కు బయటి కంపెనీలు తయారుచేసే ఆర్ములు, బుష్‌లు, బార్లు, స్ప్రింగులు పెట్టెల్లో వచ్చి చేరతాయి. పెట్టె విప్పి బిగించడం కష్టమేమీ కాదు. ఏ భాగం ఏ ప్రశ్నకు జవాబో తెలియడమే కష్టం. అది తెలియకుండా బిగిస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

పెద్ద ఇంజను, పాత ఇరుసు

మజిల్ కారు కథ ఒక నిబంధనను తప్పించుకోవడంతో మొదలైంది. జనరల్ మోటార్స్‌లో మధ్యరకం కార్లకు 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని నియమం ఉండేది. జాన్ డెలోరియన్ నాయకత్వంలోని పాంటియాక్ ఇంజనీర్లు 1964 మోడల్ టెంపెస్ట్ కారులో 389 ఘనపుటంగుళాల ఇంజను, అంటే దాదాపు 6.4 లీటర్లది, 'కావాలన్నవారికి అదనపు సదుపాయం' అనే పేరుతో దూర్చారు. అదే జీటీవో. అది బాగా అమ్ముడుపోవడంతో మిగతా కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. కార్ల కంపెనీల ఊరైన డెట్రాయిట్‌లో, వుడ్‌వర్డ్ అవెన్యూ మీద, ఎర్రలైటు దగ్గర పక్కపక్కన ఆగిన రెండు కార్లు పచ్చలైటు పడగానే పందెం వేసుకోవడం ఆ రోజుల్లో రాత్రిపూట వేడుక.

1970 నాటికి షెవర్లే కంపెనీ తన షెవెల్ ఎస్ఎస్ కారులో 454 ఘనపుటంగుళాల ఎల్ఎస్6 ఇంజను పెట్టింది. 7.4 లీటర్లు, 450 హార్స్‌పవర్, 678 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. కంపెనీ చెప్పిన ఈ లెక్క అప్పటి పద్ధతిలో, ఇంజనును కారులోంచి విడిగా బల్ల మీద పెట్టి కొలిచినదే. అయినా మామూలు సంఖ్య కాదు.

ముందున్న ఇంజను ఇలా ఏటేటా పెరుగుతూ పోతే, వెనక ఇరుసును పట్టుకుని ఉండే ఏర్పాటు మాత్రం పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చే కుటుంబ కారుదే. పట్టీలు కొన్ని గట్టిపడ్డాయి, బార్లు కొన్ని చేరాయి. మూలరూపం మాత్రం మారలేదు. చిక్కు అక్కడే మొదలైంది.

న్యూటన్ మూడో సూత్రం కారు కింద

షెవెల్‌నే తీసుకుని చిన్న లెక్క వేద్దాం. మొదటి గేరు నిష్పత్తి 2.20, వెనక ఇరుసు నిష్పత్తి 3.31 అనుకుందాం. ఇంజను ఇచ్చిన 678ని ఈ రెండింటితో గుణిస్తే ఇరుసు దగ్గర 4,900 న్యూటన్ మీటర్ల పైచిలుకు వస్తుంది. మరి టైర్లు ఎంత భరిస్తాయి? కారు బరువు దాదాపు 1,750 కిలోలు. ముందు బరువైన ఇంజను ఉంది కాబట్టి ఆగి ఉన్నప్పుడు వెనక చక్రాల మీద పడేది 770 కిలోలనుకుందాం.

కారు ముందుకు దూకగానే ఇంకొంత బరువు వెనక్కి మారుతుంది. బస్సు కదలగానే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలతారే, అదే సంగతి. ఎంత మారుతుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: ఎంత జోరుగా దూకింది, బరువుకేంద్రం ఎంత ఎత్తులో ఉంది, ముందు వెనక చక్రాల మధ్య దూరమెంత. 1970 షెవెల్ కూపేలో ఆ దూరం 112 అంగుళాలు, అంటే 2.84 మీటర్లు. బరువుకేంద్రం 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనీ, దూకుడు భూమ్యాకర్షణలో సగం ఉందనీ అనుకుంటే వెనక్కి మారే బరువు దాదాపు 170 కిలోలు. మొత్తం 940 కిలోలు. టైరుకు మంచి పట్టే ఉందనుకున్నా ఇరుసు దగ్గర 2,800 న్యూటన్ మీటర్లు దాటగానే రబ్బరు జారుతుంది.

ఇంజను ఇవ్వగలిగింది 4,900. నేల తీసుకునేది 2,800. మిగిలిందంతా పొగ. కాబట్టి ఇలాంటి కారుకు ఇంకో యాభై హార్స్‌పవర్ చేర్చడం వల్ల లైటు దగ్గర ఒరిగేదేమీ లేదు. ఉన్న పట్టును జారకుండా నిలబెట్టుకోవడమే లాభం.

ఇక అసలు చిక్కు. డ్రిల్లింగ్ మిషన్‌తో గోడకు రంధ్రం వేస్తుండగా బిట్టు ఇరుక్కుంటే ఏమవుతుంది? మిషన్ ఎదురు తిరిగి మన మణికట్టును మెలిపెడుతుంది. కారు వెనకా అదే. చక్రాలు ముందుకు తిరిగితే, వాటిని తిప్పుతున్న ఇరుసు గూడు వెనక్కి తిరగబోతుంది. దాని ముందరి మూతి, అంటే ఇంజను బలాన్ని వెనక్కి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే చోటు, పైకి లేవాలని చూస్తుంది. ఆ వేలకొద్దీ న్యూటన్ మీటర్ల మెలిని ఏదో ఒకటి ఆపాలి. ఆపేది ఏది, ఎంత గట్టిగా ఆపుతుంది, ఆపుతూ కారును ఏ దిశలో నెడుతుంది? వెనక సస్పెన్షన్ శాస్త్రమంతా ఈ మూడు ప్రశ్నలే.

కమాన్ కట్టల సాక్ష్యం

మొదటి జవాబు మనకు బాగా తెలిసినదే. విజయవాడ ఆటోనగర్‌లో ఏ లారీ కిందికి వంగి చూసినా కనిపించే కమాన్ కట్టలు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు, మధ్యలో యూ బోల్టులతో ఇరుసుకు బిగింపు. మన అంబాసిడర్ వెనకా ఇవే ఉండేవి. ఫోర్డ్ మస్టాంగ్, షెవర్లే కమారో, క్రైస్లర్ కంపెనీ మజిల్ కార్లన్నింటి వెనకా ఇవే.

కట్ట గొప్పతనం ఒంటిచేత్తో మూడు పనులు చేయడం. బరువు మోస్తుంది. ఇరుసు ముందుకీ వెనక్కీ పక్కకీ పోకుండా పట్టుకుంటుంది. ఇందాకటి మెలినీ ఆపుతుంది. చౌక, సరళం, మొండిది. కానీ బరువు మోయడానికి మెత్తగా ఉండాలి, మెలి ఆపడానికి గట్టిగా ఉండాలి. ఒకే ఉక్కు రెండూ ఎలా అవుతుంది? కుటుంబ కారులో మెత్తదనానికే ఓటు పడింది.

బలంగా దూకినప్పుడు కట్ట ముందు సగం ఒకవైపు, వెనక సగం ఇంకోవైపు వంగి పడుకున్న ఎస్ అక్షరంలా మెలితిరుగుతుంది. ఆ మెలికలో శక్తి జమవుతుంది. టైరు పట్టు తెగగానే కట్ట ఒక్కసారిగా విప్పుకుంటుంది, ఇరుసు వెనక్కి గింగిరమంటుంది, టైరు మళ్లీ నేలను పడుతుంది, కట్ట మళ్లీ మెలితిరుగుతుంది. సెకనులో ఇలా ఎన్నోసార్లు. సుద్దముక్కను బోర్డు మీద నిలువుగా పట్టి లాగితే కీచుమంటూ చుక్కల గీత పడుతుంది కదా, భౌతికశాస్త్రం రెండింటికీ ఒకటే: పట్టు, జారు, మళ్లీ పట్టు.

1967 కమారో ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకుంది. దానికి కట్టకు బదులు ఒక్కో పక్క ఒకే ఒక్క పట్టీ. పట్టీల మధ్య రాపిడి లేదు కాబట్టి ప్రయాణం మెత్తన, కానీ అదే రాపిడి గెంతును కొంత మింగేది. జోరు ఇంజను పెట్టిన కార్లు గెంతసాగాయి. ఆ ఏడాదే కొన్నింటికి కంపెనీ కుడివైపు ఒక అదనపు కడ్డీ తగిలించింది. 1968లో జోరు మోడళ్లకు పలుపట్టీల కట్టలు ఇచ్చింది. షాక్ అబ్జార్బర్లను ఒకటి ఇరుసుకు ముందు, ఒకటి వెనక వచ్చేలా ఎడంగా బిగించింది. ఇరుసు ఎటు మెలితిరగబోయినా ఒక షాక్ అడ్డుపడాలని ఉద్దేశం. క్రైస్లర్ ఇంజనీర్లు ఇంకో దారి చూశారు. ఇరుసును కట్ట మధ్యలో కాక కాస్త ముందుకు జరిపి బిగించారు. ముందు భాగం పొట్టిదై గట్టిగా నిలబడి మెలిని ఆపుతుంది, వెనక భాగం పొడుగుగా ఉండి మెత్తగా బరువు మోస్తుంది. ఒకే ఉక్కుతో రెండు పనులూ చేయించిన తెలివి అది.

బయటి భాగాల్లో కట్టలకు వచ్చే మొదటి మందు ట్రాక్షన్ బార్. ఇరుసు కిందినుంచి కట్ట వెంబడే ముందుకు సాగే ఉక్కు దూలం, దాని కొసన ఒక రబ్బరు దిమ్మ. ఇరుసు మెలితిరగబోగానే ఆ దిమ్మ వెళ్లి కట్ట ముందు కంటికి తాకుతుంది. ఇక కట్ట వంగే సందులేదు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1965 షెల్బీ జీటీ350 మస్టాంగ్‌లకు తయారీలోనే ఇలాంటి పనిచేసే బార్లు బిగించారు.

నాలుగు ఆర్ముల ఇరుసు

షెవెల్, జీటీవో, ఓల్డ్స్‌మొబీల్ 442 అన్నీ జనరల్ మోటార్స్ వారి ఒకే చట్రం సంతానం. వీటిలో పనిని పంచారు. బరువు మోయడం చుట్ట స్ప్రింగుల వంతు. ఇరుసును పట్టుకోవడం నాలుగు కంట్రోల్ ఆర్ముల వంతు. రెండు పొడుగాటి కింది ఆర్ములు కారు వెంబడి సాగి ఇరుసును ముందుకు నెడతాయి. రెండు పొట్టి పై ఆర్ములు ఇరుసు మధ్యనుంచి బయలుదేరి చట్రం వైపు విడిపోతాయి. పైనుంచి చూస్తే అవి ఆంగ్ల వీ అక్షరంలా కనిపిస్తాయి. ఇరుసు మెలినీ, పక్కజారుడునూ అవే ఆపుతాయి.

కాగితం మీద చక్కటి ఏర్పాటు. కానీ కింది ఆర్ము అడుగు తెరిచి ఉన్న రేకు కాలువ. మడిచిన అట్టముక్కను చేతిలో మెలిపెట్టి చూడండి, తేలిగ్గా తిరుగుతుంది. తెరిచిన వైపున ఇంకో అట్ట అతికించి పెట్టెలా మూసి చూడండి, మొండికేస్తుంది. మూసిన ఆకారానికి మెలిని ఎదిరించే శక్తి ఎన్నో రెట్లు. అందుకే మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ వెనక బిగించాలంటే ముందు కింది ఆర్ములను మూసినవిగా మార్చాల్సిందే, ఆ బార్ వాటికే బిగుస్తుంది కనక. షెవెల్ వాళ్లు మొట్టమొదట కొనేది ఈ మూసిన లేదా గొట్టంతో చేసిన ఆర్ములనే.

గాలిలో ఉన్న కీలు

ఇప్పుడు ఈ శాస్త్రంలో అన్నింటికన్నా అందమైన సంగతి. కారును పక్కనుంచి చూస్తూ పై ఆర్ము వెంబడి ఒక గీత, కింది ఆర్ము వెంబడి ఒక గీత ముందుకు పొడిగించండి. రెండూ ఎక్కడో కారు నడుమ కింద కలుస్తాయి. అక్కడ బోల్టు లేదు, బుష్ లేదు, ఉన్నది గాలే. కానీ ఆ క్షణానికి ఇరుసు మొత్తం ఆ బిందువు దగ్గరే కీలు ఉన్నట్టు తిరుగుతుంది. తక్షణ కేంద్రం అంటారు దీన్ని. టైరు నేలను నెట్టిన బలం శరీరానికి ఆ బిందువు గుండానే అందినట్టు లెక్క.

చాలామంది కారు వెనక బాగా కుంగితేనే పట్టు పెరుగుతుందనుకుంటారు. అది కంటికి తోచేదే గానీ నిజం కాదు. వెనక్కి మారే మొత్తం బరువును దూకుడు, ఎత్తు, పొడవు తేల్చేశాయి. స్ప్రింగులు ఎంత కుంగినా ఆ 170 కిలోలు దాదాపు 170 కిలోలే. సస్పెన్షన్ తేల్చేది ఆ బరువు ఏ దారిన చేరుతుందన్నది. స్ప్రింగు దారిన వస్తే, స్ప్రింగు కుంగాక మెల్లగా అందుతుంది. ఆర్ముల దారిన వస్తే వెంటనే అందుతుంది. ఆర్ముల దారిన వచ్చే వాటాకే 'యాంటీ స్క్వాట్' అని పేరు.

వాటా ఎంతో కొలవడం బడిపిల్లల జ్యామితే. వెనక టైరు నేలను తాకేచోటు నుంచి తక్షణ కేంద్రం గుండా గీత గీసి, ముందు ఇరుసు దాకా పొడిగించాలి. అక్కడ ఆ గీత ఎత్తు బరువుకేంద్రం ఎత్తుకు సమానమైతే వాటా నూటికి నూరు. కారు వెనక కుంగదు, లేవదు. ఉదాహరణకు కేంద్రం వెనక ఇరుసుకు 1.5 మీటర్లు ముందు, 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే గీత ముందు ఇరుసు దగ్గర 38 సెంటీమీటర్లు చేరుతుంది. మన 55తో పోలిస్తే 69 శాతం. పై ఆర్ము వెనక కొసను ఇరుసు మీద కాస్త ఎత్తుకు మారిస్తే ఆ ఆర్ము ముందుకు ఇంకా వాలుతుంది. కేంద్రం 1.1 మీటర్ల దగ్గరికి, 22 సెంటీమీటర్ల ఎత్తుకు జరిగిందనుకోండి. వాటా నూరు దాటుతుంది. దూకిన క్షణంలోనే టైరు నేలకు అదుముకుంటుంది.

షెవెల్‌కు అమ్మే 'నో హాప్ బార్' చేసేది ఇదే. ఇరుసు మీద పై ఆర్ము కొసను ఎత్తే చిన్న ఉక్కు ముక్క అది. చూడ్డానికి పిడికెడంత ఉండదు, కదిలించేది మాత్రం కారు కింద మీటరు అవతల గాలిలో ఉన్న కీలును.

మరి ఎంత పెంచితే అంత మేలా? కాదు. దూకేటప్పుడు టైరును నేలకు నొక్కే ఆ జ్యామితే, బ్రేకు వేసినప్పుడు టైరును నేలనుంచి ఎత్తబోతుంది. అతిగా పెంచిన కారు లైటు దగ్గర మహారాజు, మలుపు ముందు బ్రేకు తొక్కితే గెంతే గుర్రం. ఇంకో మోసం కారును కిందికి దించడంలో ఉంది. చూపుకోసం పొట్టి స్ప్రింగులు వేసి కారును రెండంగుళాలు దించితే ఆర్ముల ముందు కొసలు చట్రంతోపాటు దిగుతాయి. తక్షణ కేంద్రం కిందికి జారుతుంది, యాంటీ స్క్వాట్ పడిపోతుంది. స్ప్రింగులే మార్చామనుకుంటారు, జ్యామితి మొత్తం మారిపోతుంది. కింది ఆర్ము వెనక కొసను దించే బ్రాకెట్లు విడిగా అమ్మేది దీనికి విరుగుడుగానే.

కుడి చక్రం ఎందుకు అలుగుతుంది

మొదట చెప్పిన ఒంటిగీత గుర్తుందా? ప్రొపెల్లర్ షాఫ్ట్ కారు పొడవునా తిరుగుతూ ఇరుసును పక్కకు కూడా మెలిపెడుతుంది. వెనకనుంచి చూస్తే ఎడమ చక్రాన్ని నేలకు నొక్కుతుంది, కుడి చక్రాన్ని ఎత్తబోతుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన టార్కే ఇస్తుంది, కాబట్టి తేలికైన కుడి చక్రం జారగానే ఎడమ చక్రం వాటా కూడా అక్కడికే దిగిపోతుంది. రెండు చక్రాలూ మరీ వేర్వేరుగా తిరిగిపోకుండా అదుపుచేసే డిఫరెన్షియల్‌ను షెవర్లే 'పాజిట్రాక్షన్' అనే పేరుతో అమ్మింది. పందెంవాళ్లు ఇంకో ఉపాయం పన్నారు. కుడి వెనక చుట్ట స్ప్రింగు లోపల రబ్బరు గాలితిత్తి పెట్టి కాస్త ఎక్కువ గాలి కొట్టేవారు. క్రైస్లర్ వాళ్ల పందెపు కట్టలూ కుడి ఎడమలకు ఒక్కలా ఉండేవి కావు.

గట్టి వెనక యాంటీ రోల్ బార్ కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. ఇంజను ఎదురుమెలి కారు శరీరాన్ని కుడివైపుకు ఒరగదోస్తుంది. ఆ ఒరుగును వెనక బార్ తీసుకుంటే కుడి చక్రం పోగొట్టుకున్న బరువు తిరిగి దానికే వస్తుంది. అయితే అదే బార్ మలుపులో వెనక టైర్ల పట్టును తగ్గిస్తుంది. మరీ గట్టిదైతే తడి రోడ్డు మీద కారు తోక ఊపుతుంది.

మెత్తని రబ్బరు చేసిన మేలు

ఆర్ముల కొసల్లో ఉండే బుష్‌లు రబ్బరువి. బయట ఉక్కు గొట్టం, లోపల ఉక్కు గొట్టం, మధ్యన రెండింటికీ అతుక్కున్న రబ్బరు. ఆర్ము కదిలినప్పుడు బుష్ జారదు, రబ్బరే మెలితిరుగుతుంది. చప్పుడు లేదు, గ్రీజు అక్కర్లేదు, రోడ్డు అదురు మనిషిదాకా రాదు. కానీ యాభై ఏళ్ల రబ్బరు బీటలు వారుతుంది. కొత్తదైనా వేల న్యూటన్ల నెట్టుడుకు నలుగుతుంది. నలిగినప్పుడల్లా తక్షణ కేంద్రం అటూ ఇటూ తిరుగుతుంది.

అందుకే పాలీయూరిథేన్ వచ్చింది. 1937లో జర్మనీలో ఓట్టో బేయర్ బృందం కనిపెట్టిన రసాయన కుటుంబమిది. సోఫా నురగ నుంచి బూటు అడుగు దాకా ఎన్ని రూపాలో. బుష్‌గా చేస్తే రబ్బరుకన్నా గట్టిగా నిలబడుతుంది. కట్టలకూ, ట్రాక్షన్ బార్లకూ దీనితో పెద్ద చిక్కులేదు. షెవెల్ నాలుగు ఆర్ముల దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది.

మలుపులో కారు ఒరిగినప్పుడు ఇరుసు ఒకవైపు లేచి ఒకవైపు దిగుతుంది. కోణంగా ఉన్న పై ఆర్ములు అప్పుడు తమ అక్షం మీద మెలితిరగక తప్పదు. నాలుగు ఆర్ములూ బిగుసుకుపోయిన కీళ్లతో ఉంటే ఇరుసు కదలలేదు, నాలుగు కాళ్లూ కట్టేసిన ఎద్దే. అసలు ఆ ఏర్పాటు పనిచేసిందే రబ్బరు నలిగి చోటిచ్చింది కాబట్టి. ఇంజనీర్లు రబ్బరును చౌక అని మాత్రమే వాడలేదు, వాళ్ల జ్యామితి రబ్బరు మెత్తదనాన్ని లెక్కలో పెట్టుకునే నిలబడింది. నాలుగింటికీ గట్టి పాలీ బుష్‌లు బిగిస్తే ఆర్ములే యాంటీ రోల్ బార్లయిపోతాయి. మలుపులో వెనక టైరు చెప్పకుండా జారుతుంది, చట్రం మీది బిగింపు చెవులకు పగుళ్లు రావచ్చు.

దీనికి మంచి జవాబు గుండ్రని కీళ్లు. లోపల బంతిలాంటిది ఉండి ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, కానీ ముందుకీ వెనక్కీ నలగదు. మెలిపడేందుకు స్వేచ్ఛ, నెట్టుడుకు మొండితనం. ఖరీదెక్కువ, రోడ్డు చప్పుడు కొంత పైకి వస్తుంది. ఆర్ముకు ఒక కొసన గుండ్రని కీలు, ఇంకో కొసన రబ్బరో పాలీయో పెట్టడం రోజూ తిరిగే కారుకు నడిమి దారి.

కట్టల కార్లకు పక్కజారుడు ఇంకో గొడవ. కట్టలు పక్కకు కొంచెం వంగుతాయి. ఇరుసుకూ చట్రానికీ మధ్య అడ్డంగా ఒక కడ్డీ కట్టడం సులువైన మార్గం. ఫ్రాన్స్ కార్ల కంపెనీ పేరుతో దాన్ని పన్హార్డ్ రాడ్ అంటారు. కానీ ఒక కొస చట్రానికి బిగిసి ఉంది కాబట్టి రెండో కొస లేచి దిగుతూ వంపు గీస్తుంది, ఇరుసు రవ్వంత పక్కకు జరుగుతుంది. ఆ రవ్వంత కూడా వద్దనుకునేవాళ్లు వాట్ లింకేజీ కొంటారు. రెండు కడ్డీలు, మధ్యలో తిరిగే చిన్న మీట. ఒక కడ్డీ వంపును ఇంకో కడ్డీ వంపు రద్దు చేయగా మధ్య బిందువు దాదాపు సరళరేఖలో లేచి దిగుతుంది. ఆవిరి యంత్రం కోసం జేమ్స్ వాట్ 1784లో పేటెంట్ తీసుకున్న ఉపాయమిది. తన ఆవిష్కరణల్లో తాను అన్నింటికన్నా గర్వపడేది దీని గురించేనని ముసలితనంలో ఆయన కొడుక్కి రాశాడు.

జాకీ ఎత్తాక

ఇక బిగింపు. కారును జాకీ మీద వదిలి కిందికి దూరకూడదన్నది మొదటి నియమం, చివరి నియమమూ అదే. చట్రం కింద గట్టి స్టాండ్లు, ఇరుసు కింద విడిగా ఇంకో జాకీ ఉండాలి. చుట్ట స్ప్రింగుల కారులో షాక్ అబ్జార్బర్లు విప్పగానే ఇరుసు వేలాడుతుంది. చట్రం నుంచి ఇరుసుకు వచ్చే బ్రేకు గొట్టం ఒక్కటే దాన్ని మోసే పరిస్థితి రాకుండా చూసుకోవాలి. లాగబడ్డ గొట్టం ఆ రోజు బాగానే కనిపిస్తుంది, ఇంకో రోజు ప్రాణం మీదికి తెస్తుంది.

నాలుగు ఆర్ములూ ఒకేసారి విప్పితే ఇరుసు తిరిగిపోయి రంధ్రాలు కలవవు. ఒకటి విప్పి, కొత్తది తగిలించి, తర్వాతే రెండోదాని జోలికి పోవాలి. పై ఆర్ముల వెనక బుష్‌లు షెవెల్‌లో ఆర్ములో కాదు, ఇరుసు గూటి చెవుల్లోనే బిగుసుకుని ఉంటాయి. సుత్తితో బాదితే పోత ఇనుప చెవి విరుగుతుంది. నొక్కి తీసే పనిముట్టు వాడాలి. కట్టల కార్లలో పాత యూ బోల్టులను మళ్లీ వాడకూడదు. ఒకసారి సాగిన మర మళ్లీ అదే పట్టు ఇవ్వదు.

చాలామంది తప్పు చేసేది చివరి బిగింపులో. రబ్బరు బుష్ బోల్టులను ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే, రబ్బరు ఆ వేలాడే భంగిమకే అతుక్కుంటుంది. కారు నేల మీదికి దిగగానే అది మెలితిరిగే ఉంటుంది. ఎత్తు తప్పుగా వస్తుంది, బుష్ తొందరగా చిరుగుతుంది. అన్నీ చేత్తో తగిలించి, కారు బరువు చక్రాల మీదికి దించి, అప్పుడు టార్క్ రెంచితో బిగించాలి. పాలీ బుష్ లోపలి గొట్టం మీద జారుతుంది కాబట్టి దానికి ఈ బెడద లేదు, బదులుగా గ్రీజు కావాలి. లేకపోతే ప్రతి గతుకుకూ కిర్రుమంటుంది.

ఆఖరుగా పినియన్ కోణం, అంటే ఇరుసు మూతి వాలు. ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు కొసల్లోని క్రాస్ జాయింట్లు కోణంలో తిరిగితే వేగం ఒకేలా ఉండదు. ఒక చుట్టుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ముందు జాయింటు చేసిన తేడాను వెనక జాయింటు సరిచేయాలంటే రెండు కోణాలూ సమానంగా, ఎదురెదురుగా ఉండాలి. కొత్త ఆర్ములు పొడవు మార్చుకునేవైతే ఇది మీ చేతిలోనే ఉంది. పై ఆర్మును పొడిగిస్తే ఇరుసు మూతి లేస్తుంది, కురచ చేస్తే దిగుతుంది. జోరులో మూతి ఎలాగూ లేస్తుంది కాబట్టి ముందుగానే ఒకటి రెండు డిగ్రీలు దించి పెడతారు. బుష్‌లు మెత్తనివైతే ఇంకాస్త, గట్టివైతే ఇంకా తక్కువ. ఇది కుదరకపోతే గంటకు వంద కిలోమీటర్ల వేగంలో కుర్చీ కింద సన్నగా గుంయ్‌మనే అదురు మొదలవుతుంది. చాలామంది టైర్లను అనుమానిస్తారు, తప్పు మాత్రం తమ కొత్త ఆర్ములదే.

మళ్లీ రోడ్డు మీదికి

అన్నీ సరిగ్గా కుదిరాయనుకుందాం. చక్రాలు గెంతడం ఆగింది, పట్టు నిలిచింది. ఇన్నాళ్లూ పొగగా పోయిన బలం ఇప్పుడు నేలకు చేరుతుంది. దారిలో ఉన్న ప్రతిదాని మీదా ఆ బరువు పడుతుంది: ఇరుసు కడ్డీల మీద, జాయింట్ల మీద, యాభై ఏళ్ల తుప్పు దాచుకున్న చట్రం చెవుల మీద. అందుకే అనుభవమున్నవాళ్లు పెట్టె విప్పే ముందే చట్రాన్ని గీకి చూస్తారు. పై ఆర్ము, కింది ఆర్ము బిగింపులను చట్రం దగ్గర కలిపే బ్రేసులు ముందుగా వేస్తారు. ఒక్కసారి ఒక్క భాగమే మారుస్తారు, మార్చిన ప్రతిసారీ నడిపి చూస్తారు.

ఒకప్పటి కంపెనీ ఇంజనీర్లను తిట్టడం తేలిక. కానీ వాళ్లు రాసిన పరీక్ష వేరు. నాన్నకు నిశ్శబ్దం, అమ్మకు మెత్తదనం, యజమానికి చౌకదనం, వీటికి వాళ్లు మంచి మార్కులే తెచ్చుకున్నారు. మనం బిగించే ప్రతి కొత్త భాగమూ వాళ్ల రాజీని కాస్త జరుపుతుంది, పూర్తిగా తీసేయదు. మెత్తదనం ఇచ్చి పట్టు తెచ్చుకుంటాం, నిశ్శబ్దం ఇచ్చి కచ్చితత్వం తెచ్చుకుంటాం. ఏది ఇస్తున్నామో తెలిసి ఇస్తే మంచి బేరమే.

ఫలితం చూడాలంటే ఖాళీ పందెపు మైదానంలో ఒకసారి గట్టిగా దూకించి, దిగి వెనక్కి నడిచి వెళ్లండి. సమానంగా రెండు నల్లగీతలు, ఎక్కడా తెగకుండా ఉంటే జ్యామితి కుదిరినట్టే. అవి పొట్టిగా, పలచగా ఉంటే ఇంకా సంతోషించండి. రోడ్డు మీద రబ్బరు ఎంత తక్కువ మిగిలితే, ఇంజను బలం అంత ఎక్కువ కారుతోపాటు ముందుకు వెళ్లినట్టు.